రీఫ్ ట్యాంకుకు పంపుల ఎంపిక: నీటిని పైకి ఎక్కించే పని వేరు, లోపల కదిలించే పని వేరు

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీ రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, పొడవు 120 సెం.మీ., వెడల్పు 60 సెం.మీ., ఎత్తు 60 సెం.మీ. కింద స్టాండులో సంప్ (వడపోత పరికరాలుండే రెండో తొట్టె) పెట్టబోతున్నారు. మెత్తటి పగడాలతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి పైభాగంలో కొన్ని అక్రోపోరాలు (కొమ్మలుగా పెరిగే గట్టి పగడాలు) కూడా పెంచాలన్నది మీ కోరిక. గంటకు 10,000 లీటర్లు తోసే పెద్ద రిటర్న్ పంపు (సంప్ నీటిని తిరిగి ట్యాంకులోకి ఎక్కించేది) ఒక్కటి కొంటే ప్రవాహం సంగతి మొత్తం తీరిపోతుందని తెలిసినవారు చెప్పారు. అది నిజమేనా, లేక వేవ్‌మేకర్లు, అంటే ట్యాంకు లోపల నీటిని కదిలించే వేవ్ పంపులు, విడిగా కొనాల్సిందేనా అని అడిగారు.

ఆ పెద్ద రిటర్న్ పంపు కొనకండి. సంప్ నుంచి నీరు పైకి తేవడానికి, ట్యాంకు చేరేసరికి గంటకు 1,500 నుంచి 2,000 లీటర్లు అందించగల డీసీ పంపు ఒకటి చాలు. ట్యాంకు లోపల నీటిని కదిలించడానికి ప్రొపెల్లర్ రకం వేవ్ పంపులు రెండు కావాలి. ఒక్కొక్కటి గంటకు 6,000 నుంచి 8,000 లీటర్ల సామర్థ్యంతో, వేగం తగ్గించుకునే వీలుతో ఉండాలి. మీ ట్యాంకు కొలతల ప్రకారం 432 లీటర్లు అయినా, అద్దం మందం, పైన వదిలే ఖాళీ, రాళ్లు, ఇసుక తీసేస్తే అందులో ఉండేది సుమారు 350 లీటర్ల నీరు. నా లెక్కలన్నీ ఆ 350 మీదే వేస్తాను.

రెండు పనులూ ఒకే పంపుకు ఎందుకు అప్పగించకూడదంటే, రిటర్న్ పంపు ఎంత నీరు పైకి పంపితే అంత నీరూ ఓవర్‌ఫ్లో (ట్యాంకు అంచున నీరు పొర్లి దిగే పెట్టె) పళ్ల మీదుగా జారి, పైపు గుండా మళ్లీ సంప్‌లోకి దిగాలి. 10,000 లీటర్లు పైకి వెళ్తే 10,000 లీటర్లూ దిగాలి. ఇళ్లలో సాధారణంగా వాడే 25 మి.మీ. పైపు గాలితో కలిసి నీటిని దింపే పద్ధతిలో గంటకు రెండు వేల లీటర్ల దగ్గరే గడగడమని మోత మొదలుపెడుతుంది. దింపే పైపులు పెద్దవి వేసి ఆ చిక్కు తప్పించుకున్నా, సంప్‌లో ఇంకొకటి మొదలవుతుంది. నీరు అంత వేగంగా సాగితే అందులోని బుడగలు పైకి తేలేందుకు సమయం చాలదు, స్కిమ్మర్ (బుడగలతో మురికిని నురగగా తీసే పరికరం) గదిలో నీటి మట్టం నిలకడగా ఉండదు, ఆ సన్నని బుడగలన్నీ రిటర్న్ పంపులోకి దూరి ట్యాంకును మంచు కమ్మినట్టు చేస్తాయి.

ఇంత చేసినా లోపల ప్రవాహం మాత్రం రాదు. పైపు చివర నాజిల్ నుంచి వచ్చే నీరు సన్నని ధారగా ఒక దిక్కుకే కొడుతుంది. ఆ ధార తగిలిన చోట పగడం చర్మం ఊడుతుంది, తగలని చోట మట్టి పేరుకుంటుంది. నా మొదటి ట్యాంకు దాదాపు మీ కొలతలదే. దానికి నేను పెద్ద రిటర్న్ పంపే పెట్టాను. నాజిల్‌కు ఎదురుగా ఉన్న లెదర్ పగడం ఎప్పుడూ ఒక వైపుకు వాలి ముడుచుకునే ఉండేది. రాళ్ల వెనక మూలలో మాత్రం వేలు పెట్టి కదిపితే చాలు, గోధుమరంగు ధూళి మేఘంలా లేచేది. ఒకే ట్యాంకులో ప్రవాహం అతిగానూ, అసలు లేకుండానూ ఉండటం అప్పుడు చూశాను.

పగడానికి ప్రవాహం అసలెందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పంపు ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. చేప తనకు కావలసిన చోటికి ఈదుకుంటూ వెళ్తుంది, పగడం వెళ్లలేదు. దానికి ఆక్సిజన్, కాల్షియం, ఆహారం అన్నీ నీరే తెచ్చిపెట్టాలి, దాని వ్యర్థాలను నీరే తీసుకుపోవాలి. ప్రతి పగడం ఒంటికి అంటుకుని, దాదాపు కదలని సన్నని నీటిపొర ఒకటి ఉంటుంది. వాయువులైనా లవణాలైనా ఆ పొరను మెల్లగా దాటుకునే లోపలికి రావాలి, బయటికి పోవాలి. ప్రవాహం పెరిగిన కొద్దీ ఆ పొర పల్చబడుతుంది. పగటిపూట పగడంలోని శైవలాలు వెలుగు తీసుకుని ఆక్సిజన్ తయారుచేస్తాయి. అది బయటికి పోయే దారి లేక కణజాలంలోనే ఎక్కువైతే హాని చేస్తుంది. 1998లో ప్రపంచమంతటా పగడాలు తెల్లబడిన తర్వాత, నకమురా, వాన్ వూసిక్ అనే ఇద్దరు పరిశోధకులు అక్రోపోరాలను వేడి నీటిలో ఉంచి పరీక్షించి, ప్రవాహం బాగా ఉన్న చోట అవి తట్టుకున్నాయని, నీరు దాదాపు నిలిచి ఉన్న చోట దెబ్బతిన్నాయని 2001లో ప్రచురించారు. వెలుగు పెంచాలనుకునేవారు ముందు ప్రవాహం సరిచూసుకోవాలని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే. ఖరీదైన లైటు పెట్టి, ప్రవాహం చాలక పగడాలను పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

నిజమైన సముద్రపు దిబ్బ మీద నీరు ఒకే వైపుకు పోదు. అల వచ్చి ఒక దిక్కుకు తోస్తుంది, వెనక్కి తీస్తుంది, మళ్లీ తోస్తుంది. కొమ్మలు దట్టంగా ఉన్న అక్రోపోరా లోపలి భాగాలకు నీరు చేరాలంటే ఇలా ముందుకూ వెనక్కీ ఊగే కదలికే మేలు. ఎంత బలంగా ఉన్నా ఒకే దిక్కు ప్రవాహం కొమ్మల ముందు భాగాన్ని తడిమి పక్కనుంచి పోతుంది, మధ్యలో మాత్రం నీరు నిలిచిపోతుంది.

రిటర్న్ పంపు ఎంపిక

సంప్ గుండా గంటకు ట్యాంకు నీటికి నాలుగు నుంచి ఆరు రెట్లు తిరిగితే సరిపోతుంది. అంటే మీకు 1,400 నుంచి 2,100 లీటర్లు. స్కిమ్మర్‌కూ హీటర్‌కూ ఇది పుష్కలం. చిల్లర్ (నీటిని చల్లబరిచేది), యూవీ (క్రిములను చంపే దీపం) వంటివి కూడా అదే పంపు నుంచి పాయ తీసి నడపాలనుకుంటే, వాటికి కావలసిన ప్రవాహాన్ని దీనికి అదనంగా కలుపుకోండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పంపు పెట్టె మీద రాసిన గంటకు ఇన్ని లీటర్ల సంఖ్య, నీటిని ఏమాత్రం ఎత్తకుండా, పైపే లేకుండా కొలిచినది. అదే పెట్టె మీద ఉండే గరిష్ఠ ఎత్తు, చుక్క నీరు కూడా బయటికి రాని ఎత్తు. మీ పంపు ఈ రెండింటి మధ్య ఎక్కడో పనిచేస్తుంది. తయారీదారు ఇచ్చే గ్రాఫు చూడకుండా కొనవద్దు. గ్రాఫు ఇవ్వని పంపును నేను కొనను. ఎత్తును పంపు దగ్గర నుంచి కొలవకూడదు. సంప్‌లోని నీటి మట్టం నుంచి ట్యాంకులోని నీటి మట్టం వరకు కొలవాలి. స్టాండు 80 సెం.మీ., సంప్‌లో నీరు 25 సెం.మీ., ట్యాంకులో నీరు 57 సెం.మీ. అనుకుంటే ఎత్తు 112 సెం.మీ. అవుతుంది. దానికి పైపు రాపిడి, ఎల్బోలు, వాల్వు కలిపితే మీటరున్నర దాటుతుందని ముందే అనుకోండి. మూడు మీటర్ల గరిష్ఠ ఎత్తు, గంటకు 4,000 నుంచి 5,000 లీటర్లు అని రాసి ఉన్న డీసీ పంపును పూర్తి వేగం కన్నా కొంచెం తగ్గించి నడిపితే మీకు కావలసిన రెండు వేల లీటర్లు ఆ ఎత్తులో వచ్చే అవకాశం ఉంది. ఆ వేగంలో శబ్దం తక్కువ, ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే చక్రం) మీద ఒత్తిడి తక్కువ, రేపు పాయ తీయాల్సి వస్తే కొంత బలం చేతిలో ఉంటుంది.

పంపు నోటి వ్యాసం 25 మి.మీ. ఉంటే పైపు కూడా అంతే పెట్టండి, వీలైతే ఒక సైజు పెంచండి, తగ్గించడం మాత్రం వద్దు. అదే నీటికి పైపు రాపిడి వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది, 20 మి.మీ. పైపులో పోయే ఒత్తిడిలో మూడో వంతే 25 మి.మీ. పైపులో పోతుంది. మలుపు తిప్పాల్సిన చోట 90 డిగ్రీల ఎల్బో ఒకటి కాకుండా 45 డిగ్రీలవి రెండు వాడండి.

అన్నీ బిగించాక అసలు ప్రవాహం తెలుసుకోవడానికి మీటరు అవసరం లేదు. నాజిల్‌కు గొట్టం తగిలించి, నీటి మట్టం ఎత్తులోనే పట్టుకుని, పది లీటర్ల బకెట్టు ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 20 సెకన్లలో నిండితే గంటకు 1,800 లీటర్లు. 18 సెకన్లయితే 2,000. బకెట్టు నిండే ఆ కాసేపట్లో సంప్ మట్టం తగ్గుతుంది కాబట్టి పంపు గాలి పీల్చకుండా చూసుకోండి.

ఏసీనా డీసీనా అనే ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. ఏసీ పంపు మొండిది. ఏళ్ల తరబడి నడుస్తుంది, పాడయ్యే భాగాలు తక్కువ. అయితే వేగం తగ్గించాలంటే వాల్వు తిప్పడం ఒక్కటే దారి, కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, నీటిని ఎక్కువ వేడి చేస్తుంది. డీసీ పంపు మెల్లగా మొదలవుతుంది, వేగం మార్చుకోవచ్చు, మేత వేసేటప్పుడు పది నిమిషాలు ఆపే మీట ఉంటుంది. దానిలో ముందు చెడేది చాలాసార్లు మోటారు కాదు, కంట్రోలర్. అందుకే కంట్రోలర్ విడిగా దొరికే డీసీ పంపునే తీసుకోండి. దానిని ఉప్పు తుంపరలు పడని చోట, స్టాండు లోపల పై గోడకు బిగించండి. పంపు ఎక్కడున్నా, ఇరుసు సెరామిక్‌ది అయి ఉండాలి. తుప్పు పట్టే లోహం, ముఖ్యంగా రాగి, నీటికి తగిలే పంపు రీఫ్ ట్యాంకుకు పనికిరాదు. రాగి అతి తక్కువ మోతాదులోనే పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ ప్రాణాంతకం.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో పైపులు బిగించిన రోజే చూడండి

రిటర్న్ పంపు ఆగగానే, నాజిల్ నీటిలో ఎంత లోతున ఉంటే అంతవరకు ట్యాంకు నీరు పైపు గుండా వెనక్కి సంప్‌లోకి జారుతుంది. మీ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీరంటే 7.2 లీటర్లు. నేను నాజిల్‌ను అందంగా కనిపించకుండా ఉండాలని నీటి మట్టానికి 8 సెం.మీ. కింద పెట్టాను. ఒక రాత్రి కరెంటు పోయింది. 57 లీటర్లకు పైగా నీరు కిందికి వచ్చింది. సంప్‌లో ఖాళీ నలభై లీటర్లే. మిగిలిన ఉప్పునీరు స్టాండు చెక్కలోకి ఇంకింది, తెల్లవారి చూసేసరికి స్టాండు అడుగు పలక ఉబ్బిపోయింది. పంపు ముందు, నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఉంది, దాని మీద నమ్మకంతోనే అలా పెట్టాను. దాన్ని విప్పి చూస్తే, మూత అంచున గోరంత చిన్న నత్త ఒకటి ఇరుక్కుని ఉంది. మూత మూసుకోకుండా అదే అడ్డుపడింది.

అప్పటి నుంచి చెక్ వాల్వు ఉందా లేదా అన్నది లెక్కలోకి తీసుకోను. నాజిల్ నీటి మట్టానికి రెండు సెంటీమీటర్లకు మించి లోతున పెట్టను. అప్పుడు కిందికి వచ్చేది సుమారు 15 లీటర్లు, దానికి తోడు పైపుల్లోనూ ఓవర్‌ఫ్లో పెట్టెలోనూ ఉన్న నీరు. సంప్‌లో దీనికి రెట్టింపు ఖాళీ ఉంచుతాను. పంపు ఆపి, సంప్‌లో నీరు ఎక్కడ ఆగిందో చూసి, అక్కడ చెరగని గీత గీయండి. పంపు నడుస్తున్నప్పటి మట్టం దగ్గర ఇంకో గీత గీయండి. ఆ రెండో గీత దాటి ఎప్పుడూ నీరు నింపకండి.

దింపే పైపుల విషయంలో, ఒక పైపు పూర్తిగా నీటితో నిండి సైఫన్‌గా దిగుతూ, గేట్ వాల్వుతో సర్దుకునేలా, రెండోది అది మూసుకుపోతే ఆదుకునేలా ఉండే హెర్బీ పద్ధతి నాకు ఇష్టం, నిశ్శబ్దంగా ఉంటుంది. మూడు పైపులకు చోటుంటే బీన్ అనిమల్ పద్ధతి ఇంకా భద్రం. అత్యవసర పైపు లేని ఓవర్‌ఫ్లో మీద మాత్రం బలమైన పంపు పెట్టకండి. పైపు మూతిలో ఒక్క నత్త ఇరుక్కున్నా, సంప్‌లోని నీరంతా పైకి వచ్చి ట్యాంకు అంచు మీదుగా పొర్లుతుంది.

వేవ్ పంపులు: ఎంత అన్నదాని కన్నా ఎక్కడ, ఎలా

మెత్తటి పగడాలు, మష్రూము పగడాలు, జోయాంథిడ్లకు ట్యాంకు నీటికి గంటకు 10 నుంచి 20 రెట్లు, టార్చ్, హామర్ వంటి పెద్ద పాలిప్ (పగడంలోని ఒక్కో చిన్న జీవి) పగడాలకు 20 నుంచి 40 రెట్లు, అక్రోపోరా, మాంటిపోరా వంటి చిన్న పాలిప్ పగడాలకు 40 రెట్లు ఆపైన అని అభిరుచిపరులు సాధారణంగా చెప్పుకునే లెక్క. దాన్ని కొనుగోలుకు ఆధారంగా వాడండి, అంతిమ తీర్పుగా తీసుకోకండి. మీరు చెప్పిన కోరికకు 14,000 లీటర్ల మొత్తం సామర్థ్యం, అంటే 40 రెట్లు, చేతిలో ఉంటే చాలు. మొదటి ఆరు నెలలు సగం వేగంలో నడిపినా 20 రెట్లు వస్తుంది.

పంపులు మూడు రకాలు. పాతకాలపు సన్నని నోటి పవర్‌హెడ్ నీటిని సూదిలా చిమ్ముతుంది. అది రీఫ్ ట్యాంకుకు ప్రధాన పంపుగా వద్దు, రాళ్ల వెనక మూలను కడగడానికి మాత్రం పనికొస్తుంది. ప్రొపెల్లర్ పంపు అదే నీటిని విశాలమైన నోటి నుంచి మెల్లగా, వెడల్పుగా నెడుతుంది. జర్మనీకి చెందిన ట్యూన్జ్ వంటి కంపెనీలు ఈ రకాన్ని ప్రచారంలోకి తెచ్చాకే ఇళ్లలో అక్రోపోరాలు పెంచడం చాలామందికి సాధ్యమైంది. మోటారు అద్దం బయట, ప్రొపెల్లర్ లోపల ఉండి అయస్కాంతంతో అద్దం గుండా తిరిగే వోర్‌టెక్ తరహావి కూడా ఈ రకమే. నీటిలో తీగ ఉండదు, మోటారు వేడిలో చాలా భాగం బయటే పోతుంది. వాటిని కొనేముందు మీ అద్దం మందానికి తగిన మోడలేనా అని చూసుకోండి. మూడోది జైర్ రకం. పొడవాటి రోలరు తిరుగుతూ నీటిని ఒక చాపలా పరిచి పంపుతుంది. ఆ చాప నీటి పైపొర వెంట ఎదుటి గోడ వరకు వెళ్లి, కిందికి దిగి, ఇసుక వెంట వెనక్కి వస్తుంది. ట్యాంకు పొడవుగా, రాళ్లు తక్కువగా ఉంటే జైర్ అద్భుతంగా పనిచేస్తుంది. రాళ్లు గోడలా పేర్చి ఉంటే ఆ చుట్టు మధ్యలోనే విరిగిపోతుంది. దాని బుషింగులను (ఇరుసు తిరిగే తొడుగులను) తరచూ చూసుకోవాల్సిన శ్రద్ధ కూడా ఉంటేనే తీసుకోండి.

మీ ట్యాంకుకు ప్రొపెల్లర్ పంపులు రెండింటినీ రెండు పక్క గోడలకు బిగించమంటాను. ఒకటి నీటి మట్టానికి 10 సెం.మీ. కింద, కొంచెం పైకి తిరిగి, నీటి పైపొర గలగలా కదిలేలా ఉండాలి. ఆక్సిజన్ లోపలికి వచ్చేదీ, బొగ్గుపులుసు వాయువు బయటికి పోయేదీ అక్కడే. రెండోది ఎదుటి గోడకు, సగం లోతులో, రాళ్ల వెనక వైపుకు తిప్పి పెట్టండి. రెండు ధారలూ సూటిగా ఢీకొనకుండా కొంచెం పక్కకు ఉండాలి. అవి ఒకదాన్నొకటి రాసుకునే చోట నీరు సుడులు తిరిగి, ఏ దిక్కో చెప్పలేనట్టు కదులుతుంది. అక్రోపోరాకు కావలసిన చోటు అదే. ఏ పంపుకైనా ఎదురుగా కనీసం 20, 25 సెం.మీ. వరకు పగడం ఉండకూడదు.

రాళ్లు పేర్చకముందే ఈ సంగతి ఆలోచించండి. వెనక గోడకు రాళ్లను ఆనించి పేరిస్తే ఎంత పంపు పెట్టినా వెనక మట్టి పేరుకుంటుంది. గోడకూ రాళ్లకూ మధ్య అరచేయి దూరేంత సందు ఉంచండి, కింద ఒకటి రెండు సొరంగాలు వదలండి. ఇసుక మరీ మెత్తటిది అయితే ఎగిరి పగడాల మీద పడుతుంది. ఒకటి, రెండు మి.మీ. రేణువులున్న అరగోనైట్ ఇసుక అయితే కొంచెం బలమైన ప్రవాహాన్నైనా తట్టుకుంటుంది.

కంట్రోలర్‌లో రకరకాల అలల ఎంపికలు ఉంటాయి. పగలు యాదృచ్ఛికంగా మారే ఎంపిక, రాత్రి కొంచెం తగ్గించిన వేగం, ఇంతకు మించి మొదట్లో అవసరం లేదు. రాత్రి పూర్తిగా ఆపకండి, ఎందుకంటే వెలుగు లేనప్పుడు ట్యాంకులో అందరూ ఆక్సిజన్ వాడుకునేవారే, తయారుచేసేవారు ఎవరూ ఉండరు. చిన్న చిన్న తోపులతో నీరంతా ఊయలలా ఊగేలా చేసే ఎంపిక చూడటానికి బాగుంటుంది. మీ కొలతల ట్యాంకులో అలా ఊగే నీరు ఒకసారి అటూ ఇటూ వచ్చేందుకు సుమారు 1.3 సెకన్లు పడుతుంది. తోపులు ఆ లయకు కలిస్తే అల పెరుగుతూ పోతుంది. ఆ అల ఎత్తు రెండు సెంటీమీటర్లు దాటనివ్వకండి. అద్దాల అతుకుల మీదా, స్టాండు కీళ్ల మీదా ఆ ఊపు రోజుకు 60,000 సార్లకు పైగా పడుతుంది.

ప్రవాహం సరిపోయిందా అన్నది పగడమే చెబుతుంది. మొదట మేత రేణువులు కాసిని వేసి, వెలుగులో అవి ఎటు పోతున్నాయో ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. 60 సెం.మీ. దూరాన్ని రేణువు నాలుగు సెకన్లలో దాటితే అక్కడ వేగం సెకనుకు 15 సెం.మీ.; అక్రోపోరాకు అలాంటి చోటు బాగుంటుంది. ఆరేడు సెకన్లు పట్టే చోట టార్చ్, హామర్ పెట్టండి. రేణువు తిరిగి తిరిగి ఒకే చోట రాలితే అది నీరు నిలిచిన చోటు. కొన్ని వారాల్లో అక్కడ ఎర్రటి జిగురు పొర రావచ్చు. హామర్ పాలిప్‌లు గాలికి వరిచేనులా మెల్లగా ఊగాలి. అవి ఎప్పుడూ ఒకే వైపుకు వాలి, రెండో వైపు అస్థిపంజరం అంచు కనిపిస్తుంటే ప్రవాహం ఎక్కువ, లేదా ఒకే దిక్కున ఉంది. మాంసం మీద జిగురు పేరుకుని, దానికి ధూళి అంటుకుని ఉంటే ప్రవాహం తక్కువ. ఏ మార్పు చేసినా పది శాతం మించి చేయకండి, చేశాక వారం ఆగి చూడండి.

వేడి గురించి ఒక మాట. నీటిలో మునిగి ఉన్న పంపు తీసుకునే కరెంటు అంతా చివరికి నీటిలో వేడిగానే తేలుతుంది. 350 లీటర్ల నీటిలో 100 వాట్లు వేస్తే, వేడి ఎటూ పోకుండా ఉంటే గంటకు పావు డిగ్రీ చొప్పున పెరుగుతుంది. వేడి కొంత బయటికి పోతుంది కాబట్టి అంత పెరగదు. అయినా మీరు కొనాలనుకున్న పెద్ద పంపుకూ, చిన్న డీసీ పంపూ రెండు వేవ్ పంపులూ కలిపిన మొత్తానికీ మధ్య తేడా చాలా ఉంటుంది. పెట్టె మీద లీటర్ల సంఖ్యతో పాటు వాట్ల సంఖ్య కూడా చదవండి.

శుభ్రం చేయడం, కాపాడుకోవడం

కాల్షియం పట్టడం వల్ల పంపు బలం మనకు తెలియకుండానే తగ్గుతూ వస్తుంది. మూడు నెలలకోసారి పంపులను బయటికి తీసి, లీటరు నీటికి 50 గ్రాముల సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలోనో, సగం వెనిగరు సగం నీరు కలిపిన దానిలోనో అరగంట, గంట నడపండి. తర్వాత మంచినీటిలో బాగా కడగండి. ఇంపెల్లర్‌ను విడిగా తీసి, దాని అయస్కాంతం మీద వేలితో తడమండి. ఒకసారి నాకు అలా తడిమినప్పుడు వెంట్రుకంత సన్నని పగులు తగిలింది; గోరుతో గీకితే నారింజ రంగు తుప్పు వచ్చింది. అంతకు ముందు నెల రోజులుగా పగడాలు కారణం తెలియకుండా ముడుచుకుని ఉన్నాయి. ఇంపెల్లర్ మార్చి, రెండు వారాల పాటు నీటిని శుద్ధిచేసే కార్బన్ పెట్టి నీరు మారిస్తే మెల్లగా తెరుచుకున్నాయి. పగిలిన అయస్కాంతాన్ని అతికించి వాడకండి. రిటర్న్ పంపుకూ వేవ్ పంపుకూ ఒక్కో అదనపు ఇంపెల్లర్ ఇంట్లో ఉంచుకోండి.

అనిమోనీ (పగడాల బంధువైన, కదలగల మెత్తటి జీవి) పెంచే ఆలోచన ఉంటే ప్రతి వేవ్ పంపుకూ స్పాంజి తొడుగు గానీ, దగ్గరి జల్లెడ గానీ తప్పనిసరి. అనిమోనీ నచ్చని చోటు నుంచి లేచి నడుస్తుంది, రాత్రిపూట నడుస్తుంది, ప్రొపెల్లర్ దగ్గరికి వెళ్తే ముక్కలైపోయి, ఆ ట్యాంకు నీటినంతటినీ పాడుచేస్తుంది. నా బబుల్ టిప్ అనిమోనీ అలా పోయిన రోజు, సగం నీరు మార్చి, రాత్రంతా స్కిమ్మర్ కప్పు ఖాళీ చేస్తూ కూర్చుంటే చేపలు దక్కాయి.

కరెంటు భద్రతలో రాజీ వద్దు. ట్యాంకు ప్లగ్గులన్నీ 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకర్ గుండా రావాలి. ప్రతి తీగా ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వచ్చి ప్లగ్గులో దూరాలి. తీగ వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. నీటిలో చేయి పెట్టే ముందు పంపులు ఆపండి. అన్ని పంపులూ ఒకే బ్రేకర్ మీద కాకుండా రెండింటి మీద పంచితే, ఒకటి పడిపోయినా ఒక వేవ్ పంపు నడుస్తూ ఉంటుంది.

కరెంటు ఎక్కువసేపు పోయే పరిస్థితికి, రిటర్న్ పంపును కాకుండా వేవ్ పంపు ఒకదాన్ని బ్యాటరీ మీద నడిపే ఏర్పాటు చేసుకోండి. పగడాలకూ చేపలకూ ముందు ఆక్సిజన్ అయిపోతుంది, వడపోత తర్వాతి విషయం. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. సగమే వాడుకున్నా, తక్కువ వేగంలో 5 వాట్లు తీసుకునే పంపు ఎనిమిది గంటలు నడుస్తుంది. ఆ పంపు నోరు నీటి పైపొర వైపు తిరిగి ఉండేలా చూసుకోండి. మీరు కొనే వేవ్ పంపు ఎన్ని వోల్టులదో, దానికి బ్యాటరీ బ్యాకప్ తగిలించే మార్గం ఉందో లేదో కొనకముందే తెలుసుకోవాలి. 24 వోల్టుల పంపులను అన్నింటినీ 12 వోల్టుల మీద నడపడం కుదరదు.

మీరు ఓవర్‌ఫ్లో పైపు వ్యాసం ఎంతో, పైపులు ఎన్నో రాయలేదు. 25 మి.మీ. పైపులు రెండు ఉంటే నేను చెప్పిన రెండు వేల లీటర్ల రిటర్న్ నిశ్చింతగా పెట్టవచ్చు. ఒక్కటే ఉంటే, ట్యాంకులో నీరు నింపకముందే రెండో రంధ్రం వేయించండి. రంధ్రం వేయించే అద్దం టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరచినది) కాదని ముందు నిర్ధారించుకోండి, టెంపర్డ్ అద్దం డ్రిల్ తగలగానే ముక్కలైపోతుంది. రంధ్రం కుదరకపోతే రిటర్న్‌ను గంటకు 1,200 లీటర్లకు తగ్గించి నడపండి. ఆ తగ్గింపు వల్ల పగడాలకు నష్టమేమీ లేదు, వాటి ప్రవాహం వేవ్ పంపుల నుంచి వస్తూనే ఉంటుంది.